గిటార్ పెట్టెకు జ్వరం

నేను రేడియో పని నేర్చుకున్న కాలంలో అది సగం వైద్యం, సగం నమ్మకం. నల్లగొండ బస్టాండుకు పోయే దారిలో ఒక ఇరుకు దుకాణం, అందులో గోడకు ఆనుకుని మా ఉస్తాద్, ఆయనకు ఎదురుగా పీట మీద నేను. అప్పటి సెట్లన్నీ వాల్వులవి. మీట నొక్కగానే పలికేవి కావు. లోపల గాజుబుడ్లలో ఎర్రగా నిప్పు రాజుకోవాలి, పెట్టె వెచ్చబడాలి, అప్పుడు గానీ గొంతు విప్పేవి కావు. ఉస్తాద్ ఏ సెట్టు వచ్చినా ముందు దాని నెత్తిన అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవాడు. "సెట్టు గరం గావాలె, అప్పుడే బోల్తది" అనేది ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం, చాలా రోజుల వరకు ఏకైక పాఠం కూడా. వెచ్చగా ఉంటే బతికున్నట్టు, చల్లగా ఉంటే రోగం. వానాకాలం చెమ్మ పట్టిన రేడియోలు వస్తే వాటి పక్కన ఒక బల్బు వెలిగించి, పైన గొంగడి కప్పి, పొద్దంతా కాపడం పెట్టేవాళ్లం. సాయంత్రానికి సగం సెట్లు లేచి కూర్చునేవి. (మిగతా సగం సంగతి వాటి యజమానులను అడగాలి.) ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ వెచ్చదనం మీది భక్తే ఒక ఈస్టర్ పండుగ నాడు నా కొంప ముంచబోయింది.

మాది కట్టంగూర్ పక్కన చిన్న ఊరు. నాయిన అక్కడి బడిలో పంతులు. మా వాడకట్టులో నాయినకు ముందు బడి గడప లోపలికి పోయి కూర్చున్నవాళ్లు లేరు కాబట్టి, పంతులు పని అంటే ఆయన దృష్టిలో ఉద్యోగం మాత్రమే కాదు, ఇంటికి కట్టుకున్న గోడ. నేనూ పంతుల్నే కావాలి. నేను చూస్తే పదో తరగతి గట్టెక్కి, నల్లగొండలో రేడియోల పొట్టలు కోసుకుంటూ కూర్చున్నాను. మా గుడి పాస్టరు అయ్యగారు తెలిసినవాళ్లతో మాట్లాడి టీచరు ట్రైనింగులో నాకొక సీటు ఉంచారు. పండుగ భోజనాల వేళకు అవునో కాదో చెప్పమన్నారు. నాయిన అవుననే చెబుతాడని ఊరందరికీ తెలుసు. నాకు ఆ మాట తలచుకుంటేనే అన్నం సయించేది కాదు. నలభై మంది పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పడం నా వల్ల కాని పని. సోల్డరు పొగ వాసన లేని బతుకు అంతకన్నా నా వల్ల కాని పని.

సరిగ్గా ఆ వారంలోనే మా మేనమామ కొడుకు, సికింద్రాబాద్ బావ, పండుగకు దిగాడు. రైల్వేలో పని చేసేవాడు, సాయంత్రాలు ఏదో బ్యాండులో గిటార్ వాయించేవాడు. గొట్టం ప్యాంటు, చెవుల మీదికి జుట్టు. అతని గిటార్ అందరి గిటార్ లాంటిది కాదు, లావు తీగలవి నాలుగే ఉంటాయి, పాట కింద గుమ్ముగుమ్ముమని పునాది వేస్తుంది. (నాయినను కన్న మా అవ్వ దాన్ని చూసి, "నాలుగే ఉన్నయేంది బిడ్డా, కడమవి తెగినయా" అని జాలిపడింది.) దానికి తోడు ఒక యాంప్లిఫయర్ పెట్టె. ఎవరో స్నేహితుడు కొత్త రకంగా, వాల్వులు లేకుండా అంతా ట్రాన్సిస్టర్లతో కట్టి ఇచ్చాడట. పండుగ ఆరాధనలో మా కుర్రకారు పాడే కీర్తనలకు దీన్ని జత చేయాలని బావ సరదా. తీరా అభ్యాసంలో తీగ గట్టిగా మీటితే బాగానే ఉంది గానీ, మెల్లగా మీటితే పాతగుడ్డ చింపినట్టు బరబర వచ్చింది. బావ నవ్వి, దీనికేం భయం, ఇంట్లోనే మెకానిక్కు ఉన్నాడు గదా అని నాయిన ముందే నా భుజం తట్టాడు. నాయిన చదువుతున్న పత్రిక మడిచి పక్కన పెట్టాడు.

"సరే," అన్నాడు. "పండుగనాడు ఆరాధన మొదలైన కాడినుంచి ముగిసేదాక గా డబ్బా మధ్యల ఆగకుంట మోగితే, నీకు ఇష్టమున్న పని జేస్కో. ఆగిందనుకో, ట్రైనింగుకు పోవాలె. ఇగ దీంట్ల మాట్లాడుడు లేదు."

ఆ మాటతో నా బతుకు మొత్తం ఒక రెక్సిన్ పెట్టెలో పడి మూత వేసుకుంది. మర్నాడు బావ గిటార్ భుజాన తగిలించుకుని నల్లగొండ బస్సెక్కి, పెట్టెను ఒళ్లో పెట్టుకున్నాను. కుదుపు తగిలినప్పుడల్లా దాన్ని పొట్టకు హత్తుకుంటుంటే పక్క సీటు పెద్దమనిషి దవాఖానకా అని అడిగాడు. ఒక రకంగా అవునని చెప్పాను. దుకాణంలో వెనక మూత విప్పి చూస్తే గాజుబుడ్డి ఒక్కటీ లేదు. ఒక అల్యూమినియం పలక, దాని మీద బొత్తాల్లాంటి రెండు లోహపు ముక్కలు, చుట్టూ సన్న సామాను. ఉస్తాద్ అద్దాలు పైకెత్తి చాలాసేపు లోపలికి తొంగిచూశాడు. ఎర్రగా వెలిగేది ఏదన్నా ఉందేమోనని పక్కకు వంచి కూడా చూశాడు. "ఇండ్ల దీపమే లేదు కదరా బేటా. దీపం లేని ఇంటికి నేను పోను" అని, ఆ పని నాకు వదిలేసి చాయ్ తాగడానికి పోయాడు.

జేబు రేడియోలు బాగుచేసిన అనుభవంతో నాకు కొంత తెలుసు. ఈ ట్రాన్సిస్టర్లకు పాట లేనప్పుడు కూడా కొంచెం కరెంటు తాగిస్తూ ఉండాలి. తక్కువైతే మెల్లటి స్వరాలు చిరిగిపోతాయి. ఎంత తాగాలో తేల్చడానికి లోపల శనగగింజంత మర ఒకటి ఉంటుంది. పేచ్‌కస్ పెట్టి ఆ మరను సుతారంగా తిప్పుతూ, రెండో చేత్తో తీగ మెల్లగా మీటుతూ పోయాను. బరబర తగ్గింది, ఇంకా తగ్గింది, ఒకచోట పూర్తిగా పోయి తేనెలాంటి స్వరం వచ్చింది. అక్కడ ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ నేను అంగడిలో కూరగాయలు కొనే ఇంట్లో పుట్టినవాణ్ని. తూకం సరిపోయాక పైన గుప్పెడు కొసరు వేయకపోతే మాకు అది బేరమే కాదు. పండుగ పని గదా అని మరను ఇంకొంచెం ముందుకు తిప్పి కొసరు వేశాను. కరెంటు ఎక్కువ తాగితే ఏమవుతుందో అప్పటికి నాకు చెప్పినవాళ్లు లేరు. మట్టిగోడల దుకాణం, పొద్దున పూట, చల్లగా ఉంది. పెట్టె కోయిలలా పలికింది. ఉస్తాద్ వచ్చి దాని నెత్తిన చెయ్యి ఆనించి, చల్లగా ఉందేమిటని పెదవి విరిచాడు. ఆ పెదవి విరుపు నాతోపాటు బస్సెక్కి ఇంటిదాకా వచ్చింది.

పండుగనాడు చీకటితోనే సమాధుల దగ్గర ప్రార్థన, పాటలు అయ్యాయి. అక్కడికి పెట్టె అవసరం లేదు. అసలు ఆరాధన పొద్దెక్కాక, గుడిలో. ఇంటికి వచ్చి పెట్టె ముట్టుకుంటే మట్టి రంజన్‌లో నీళ్లంత చల్లగా ఉంది. సెట్టు గరం గావాలె. చల్లటి సెట్టును తీసుకుపోయి సంఘమంతటి ముందు పెడితే, నాయిన చూస్తుండగా అది గొంతు విప్పకపోతే? ఇక ఆలోచించలేదు. గుడిలో వెనక భాగాన గాయకుల బల్లల వెనక, పక్క తలుపు దగ్గర పెట్టె పెట్టి, పక్కన బల్బు వెలిగించి, మా ఇంట్లో ఉన్న అన్నిటికన్నా మందపాటి గొంగడి తెచ్చి నాలుగు పక్కలా గాలి దూరకుండా కప్పాను. అవ్వ అటుగా వచ్చి చూసి, బాలింతకు కాపడం పెట్టినట్టు ఏందిరా ఇది అని అడిగింది. పెట్టెకు మంచిదని చెప్పాను. కాళ్లకు కూడా కప్పు బిడ్డా అని సలహా ఇచ్చి పోయింది.

మా వైపు ఈస్టర్ నాటికి ఎండలు ముదురుతాయి. పెంకుల కప్పు, ఊరు ఊరంతా లోపల, కొత్త బట్టల గంజి వాసన, విసనకర్రల చప్పుడు. గొంగడి తీసి మీట నొక్కాను. మొదటి కీర్తనకు బావ తీగ మీటగానే ఆ గుమ్ముదనం నేలలోంచి పాకి బల్లల కాళ్లలోకి ఎక్కింది. చిన్నపిల్లలు పొట్టలు పట్టుకుని చూసుకున్నారు. సంఘ పెద్ద ఒకాయన తన బల్ల కిందికి వంగి వెతికాడు. నేను పెట్టె నెత్తిన చెయ్యి వేశాను. హాయిగా, వెచ్చగా ఉంది. ఉస్తాద్ ఇక్కడ ఉండి చూడాలి అనుకుని లోలోపల మురిసిపోయాను. ముందు వరుసలో నాయిన వీపు మాత్రమే కనిపిస్తోంది. ఆ వీపును బట్టి ఏమీ తెలుసుకోలేం.

రెండో కీర్తనలో పాట కింద ఒక సన్నని రొద మొదలైంది. తేనెటీగ దారితప్పి వచ్చిందనుకున్నాను. రెండో చరణానికి రొద లావెక్కింది, బావ మీటే ప్రతి స్వరం ముద్దగా, నోట్లో అన్నం పెట్టుకుని మాట్లాడినట్టు వస్తోంది. బావ నా వైపు కనుబొమలెత్తాడు. నేను మళ్లీ నెత్తిన చెయ్యి వేస్తే, ఇంకా గరం. ఇంకా గరమైతే ఇంకా బాగా పలకాలి గదా! ఏం పాలుపోక వెనక అల్యూమినియం పలక మీద వేలు పెట్టాను. చుర్రుమంది. అరుపును కీర్తనలో కలిపేశాను, అదృష్టం కొద్దీ అది హల్లెలూయా దగ్గర పడింది. అంతలో రెక్సిన్ కాలిన కంపు ముక్కుకు తగిలింది. ఇంకో నిమిషం ఉంటే పొగ కూడా వచ్చేది. ఆఖరి చరణం మధ్యలో మీట ఆపేశాను. కింద గుమ్ముదనం ఒక్కసారిగా పోయేసరికి పాట నేల మీంచి జారినట్టయింది. అందరూ పాడుతూనే ఉన్నారు. నాయిన మాత్రం తల తిప్పి, తిన్నగా నా మొహంలోకి చూసి, మళ్లీ ముందుకు తిరిగాడు.

అయిపోయిందనుకున్నాను. నల్లబల్ల, సుద్దముక్క, నలభై మంది పిల్లలు అన్నీ కళ్ల ముందు ఆడాయి. పక్కన పడి ఉన్న గొంగడిని చూస్తూ కూర్చుంటే అప్పుడు మెల్లగా తలకెక్కింది. వాల్వులకు వేడి ప్రాణం, వీటికి వేడి జ్వరం. వేడెక్కితే ఎక్కువ కరెంటు తాగుతుంది, ఎక్కువ తాగితే ఇంకా వేడెక్కుతుంది. దానికి తోడు నేను కొసరు వేసి, కాపడం పెట్టి, గొంగడి కప్పాను. ఒంటి నిండా జ్వరం తెప్పించి పాడమన్నాను. నాకు ఏడుపు వచ్చింది. వెంటనే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. మిగిలింది ముగింపు కీర్తన ఒక్కటే. దానికి ముందు అయ్యగారి ప్రసంగం ఉంది. మా అయ్యగారు మొదలుపెడితే ఎండ ఈ కిటికీలోంచి ఆ కిటికీలోకి పోవాల్సిందే. ఆలోపు దీన్ని చల్లార్చి, మర వెనక్కి తిప్పి, నిలకడగా ఉందో లేదో చూసుకోగలిగితే ఆఖరి పాటయినా దక్కుతుంది. నాయిన షరతుకు అది చాలదని తెలుసు. అయినా రెండుసార్లు ఓడేకన్నా ఒకసారి ఓడటం మేలు కదా.

కరెంటు వైరు పీకేసి, నా కొత్త తువ్వాలను గుడి వాకిట్లోని రంజన్‌లో ముంచి పిండి పలక మీద వేశాను. అవ్వ చేతిలోంచి విసనకర్ర లాక్కుని విసరసాగాను. బావ మరోపక్క కూర్చుని కీర్తనల పుస్తకంతో విసిరాడు. ఆ గుడి కట్టినప్పటి నుంచి ప్రసంగం ఇంకా సాగాలని ప్రార్థించినవాడు నేనొక్కడినే అయి ఉంటాను. ప్రభువు ఆ ప్రార్థన విన్నాడో లేదో గానీ, సంఘం ఉక్కపోత మాత్రం అయ్యగారు చూశారు. ఇయ్యాల ఎండ బాగున్నది, పిల్లలు ఆకలి మీదున్నరు, రెండు మాటల్ల ముగిస్త అన్నారు. ఆయన జీవితంలో అన్న మాట నిలబెట్టుకున్నది ఆ రోజే. నేను మర వెనక్కి తిప్పి, కరెంటు ఇచ్చి, పెట్టె ఎంత కరెంటు తాగుతోందో చూపే మీటరు సంచిలోంచి తీసి తగిలించి ముల్లు వైపు చూస్తున్నాను. ముల్లు ఒక దగ్గర నిలబడటం లేదు, మెల్లగా పైకి పాకుతోంది. మళ్లీ ఆపాను, మళ్లీ తడిపాను. అంతలో ఆమెన్ వినిపించింది. ముగింపు కీర్తన అని చెప్పడానికి అయ్యగారు పుస్తకం తెరుస్తున్నారు.

అప్పుడు ముందు వరుసలో నాయిన లేచి నిలబడ్డాడు. సంఘానికి రెండు మాటలు చెప్పుకుంటానన్నాడు.

గుడిలో గుసగుసలు లేచాయి. నాయిన గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. బడిలో పిల్లల ముందు ఆయన గొంతు పక్క ఊరికి వినపడేది గానీ, పెద్దల ముందు నోరు పెగిలేది కాదు. మా అక్క లగ్గం మాటలప్పుడు కూడా తను చెప్పాల్సిందంతా మేనమామ చెవిలో చెప్పి చెప్పించాడు. గుడిలో నిలబడి తన విశ్వాసం గురించి సాక్ష్యం చెప్పమని అయ్యగారు ఎన్నేళ్లుగా అడుగుతున్నా తప్పించుకున్న మనిషి. అలాంటి మనిషి బలిపీఠం దగ్గరికి నడిచి, సంఘం వైపు తిరిగి, బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ముందు వంటకు కట్టెలు తెచ్చినవాళ్లకు వందనాలు చెప్పాడు. తర్వాత నీళ్లు మోసినవాళ్లకు. తర్వాత బావి చేదతాడు పాతబడిందని, కొత్తది పేనించాలని చెప్పాడు. అక్కడ మాటలు అయిపోయాయి. గోడవైపు చూసి, ఆ యేడు వానలు ఎట్లా పడ్డదీ మొదలుపెట్టాడు. వానల నుంచి మేకలకు పోయాడు, ఒకరోజు మేకపిల్ల బడిలోకి వచ్చి ఎవరి పలక నాకిందో చెప్పాడు, ఆ పిల్లవాడు ఇప్పుడు ఎక్కడ పని చేస్తున్నాడో చెప్పాడు. దీనికీ ఈస్టర్‌కూ ఏం సంబంధమో ఎవరికీ అంతుపట్టలేదు. అంగీ చెమటకు ఛాతీకి అతుక్కుపోయింది. నా వెనక అవ్వ, "నా కొడుకుకు ఎండ దెబ్బ తగిలినట్టున్నదే" అని పక్కావిడతో అంది.

నాకూ అలాగే అనిపించింది. కానీ విస్మయపడే తీరిక లేదు. మళ్లీ మీట నొక్కి ముల్లు చూశాను. పాకింది, ఆగింది. మరను వెంట్రుకవాసి వెనక్కి తిప్పాను. ఈసారి కదలకుండా నిలబడింది. ఇంకా కాసేపు చూశాను, కళ్లలోకి చెమట కారుతున్నా రెప్ప వేయలేదు. నిలబడే ఉంది. ఊపిరి వదిలి తల పైకెత్తాను. నాయిన మేకల సంగతి ముగించి దడి కట్టే పద్ధతి చెబుతున్నాడు. అందరి తలల మీదుగా నా వైపే చూస్తున్నాడు.

"ఇగ చాలు గద?" అన్నాడు.

చాలు చాలు అని సంఘమంతా ఒక్క గొంతుతో అంది. నేను తల ఊపాను. నాయిన అక్కడే మాట తుంచేసి, దడి సగం కట్టి వదిలేసి, పోయి కూర్చున్నాడు.

ముగింపు కీర్తన మొదటి అక్షరం నుంచి ఆఖరి ఆమెన్ దాకా పెట్టె మోగింది. పైన తడి తువ్వాల, పక్కన నేను విసనకర్రతో, అవతల అవ్వ కొంగుతో. బావ కళ్లు మూసుకుని మీటాడు. నేను మాత్రం ఒక్క స్వరం కూడా వినలేదు. నా కళ్లు ముల్లు మీదే ఉన్నాయి. పాట అయ్యాక మీట ఆపి, పలక మీద చెయ్యి వేసి చూస్తే, ఒంట్లో జ్వరం దిగిన పిల్లవాడి నుదురులా ఉంది.

ఆరాధన తర్వాత సంఘమంతా కలిసి తినే ప్రేమ విందులో విస్తళ్ల ముందు కూర్చున్నప్పుడు అయ్యగారు అటుగా వస్తూ ట్రైనింగు సంగతి ఏం చేశారని నాయినను అడిగారు. నా చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. నాయిన పులుసు కలుపుకుంటూ, వాడు పోడయ్యగారూ, వాని పని వానికున్నది అన్నాడు. అంతే. అయ్యగారు వెళ్లిపోయాక కూడా ఆయన తల ఎత్తలేదు. నోరు మూసుకుని తినొచ్చు గదా నేను. మనసు ఒప్పలేదు.

"మధ్యల ఆగింది గద నాయినా," అన్నాను.

"ఆగిందా?" అన్నాడు. "నేను సూడలే."

పరీక్ష కాగితాల్లో సొంత తమ్ముడి కొడుక్కు అర మార్కు తక్కువైతే కలపకుండా మళ్లీ అదే తరగతిలో కూర్చోబెట్టిన మనిషి, నా కళ్లలోకి చూడకుండా, విస్తరిలో లేని మెతుకు కోసం వెతుక్కున్నాడు.

ఆ తర్వాత నా బతుకంతా ఆ సోల్డరు పొగలోనే గడిచింది, సుఖంగానే గడిచింది. ఇప్పుడు వయసు మీద పడి చేతులు పనికి నిలవవు, పెళ్లిళ్లకూ సభలకూ పోయి కుర్చీలో కూర్చోవడమే నా ఉద్యోగం. అక్కడ ఎవరో ఒకరు మైకు దొరికిందని అక్కరలేని మాటలన్నీ సాగదీస్తుంటారు, చుట్టూ అందరూ గడియారాలు చూసుకుని విసుక్కుంటారు. నాకు మాత్రం కోపం రాదు. మెడ నొప్పి పెడుతున్నా వెనక్కి తిరిగి, ఏ మూలన ఎవరి కొడుకు ఏం బాగుచేసుకుంటున్నాడోనని వెతుకుతాను.